మునిస్వామి చిన్నాయన గడియారం

అక్టోబర్ 23, గురువారం

లావు స్కెచ్ పెన్ను కొన్నాను, నల్లది. పేజీకి ఐదు లైన్లే పడుతున్నాయి. రాసింది నాకే సరిగ్గా కనిపించదు కాబట్టి ఇంకెవరో చదువుతారన్న దిగులు లేదు. నోటుబుక్కు శనగపప్పు డబ్బా వెనక ఉంటుంది. మధ్యాహ్నం పిల్లలంతా ఆఫీసుల్లో ఉంటారు, ఎల్లమ్మ గిన్నెలు తోమి ఇంటికి పోతుంది. రెండు నుంచి నాలుగు దాకా ఈ హాస్టల్ వంటగదికి నేనే మహారాణిని.

డాక్టరు చెప్పింది ఒక్కసారి రాసేసుకుంటే మళ్ళీ రాయనక్కర్లేదు. రెండు కళ్ళలోనూ చూపు నడిమధ్యన దెబ్బతింది. అది తిరిగి రాదు. అంచుల చూపు మాత్రం ఉంటుంది. అంటే మనిషి ఎదురుగా నిలబడితే చెవులు కనిపిస్తాయి, ముక్కు కనిపించదు. గోడ గడియారం చట్రం కనిపిస్తుంది, ముళ్ళు కనిపించవు. తక్కినవన్నీ బాగానే ఉన్నాయి. నడుస్తాను, తరుగుతాను, నలభై రెండు మంది ఆడపిల్లలకు బొరుగుల ఉగ్గాని కలుపుతాను. టైము ఒక్కటి చూడలేను. ఈ మాత్రం దానికి ఊరంతా చాటింపు వేయాలా? ఎవరికీ చెప్పలేదు.

అయినా గడియారం చూస్తేనే టైము తెలుస్తుందా? పాల ప్యాకెట్ల ట్రే గేటు దగ్గర దబ్బుమంటే ఐదు. రాత్రి వాచ్‌మన్ కుర్చీ ఈడ్చి వెళ్ళిపోతే ఆరు. బాచుపల్లి స్కూలు బస్సు మా సందులో రెండుసార్లు హారన్ కొడితే ఆరూ నలభై, అప్పుడు రెండో వాయి ఇడ్లీ ఎక్కించాలి. నాలుగు నెలలు ఇలాగే నడిపాను. ఒక్క రోజు తేడా రాలేదు.

పోయిన వారం పైపుల కోసం సందు తవ్వారు. బస్సు వేరే దారిన పోతోంది. దాంతో పాటే నా ఆరూ నలభై కూడా పోయింది. మూడు రోజులు టిఫిను ఆలస్యం. పిల్లల కంపెనీ బస్సు ఏడూ నలభైకి మూల మీదికి వస్తుంది. చేతిలో ఇడ్లీ పట్టుకుని పరుగెత్తారు పాపం.

ఇవాళ శ్రీలత మేడమ్ వచ్చింది. హాస్టలు ఆమెదే. ఒక కాగితం నా చేతిలో పెట్టి, "ఇదిగోండి సుబ్బమ్మగారూ, పిల్లలు ఏం రాశారో మీరే చదువుకోండి" అంది. అద్దాలు గదిలో ఉన్నాయి, మీరే చదవండి అన్నాను. ఆమె అద్దాలు కార్లో ఉన్నాయట. కాగితం నా చేతిలోంచి ఆమె చేతిలోకి, ఆమె చేతిలోంచి నా చేతిలోకి రెండుసార్లు తిరిగింది. చివరికి మెట్లు దిగుతున్న మౌనికను పిలిచి చదివించాం. మౌనిక రాజంపేట పిల్ల. జాలిగుండె కాబట్టి ఘాటు మాటలు మింగేసి చదివింది. మింగిన చోటల్లా గొంతులో తెలిసిపోయింది.

"కార్తీకం అయ్యేదాకా చూస్తానండి. ఏడుంపావుకు టిఫిను టేబుల్ మీద ఉండాలి. మళ్ళీ ఆలస్యమైతే కేటరింగు వాళ్ళకిచ్చేస్తాను. నాకూ తప్పదు" అంది మేడమ్.

వంట పోతే, వంటతో వచ్చిన ఈ వెనక గది కూడా పోతుంది. పదకొండేళ్ళుగా నాకు ఇల్లంటే ఈ గదే. భయం వేసింది. నాకు నేను రాసుకునేదానికి సిగ్గెందుకు, బాగా భయం వేసింది.

అక్టోబర్ 24, శుక్రవారం

అఖిలను అడిగాను. సిద్దిపేట వైపు పిల్ల, సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టరు. అంటే ఇంకొకరు చేసిన పనిలో తప్పులు పట్టడం. దానికి నెలనెలా జీతమిస్తారట. నేను ఇన్నేళ్ళుగా ఎల్లమ్మ దగ్గర ఆ పని ఉచితంగా చేస్తున్నాను.

"పాపా, టైము నోటితో చెప్పే గడియారాలు ఉంటాయంట కదా, కండ్లు కనపడనోళ్ళకు."

"ఉంటయమ్మా. ఎవరికి?"

"మా చిన్నాయనకు."

నాకు చిన్నాయన లేడు. మా నాయన ఒక్కడే కొడుకు. అఖిల అడిగిన ఆ నిమిషంలోనే ఈ చిన్నాయన పుట్టాడు. పుట్టుకతోనే డెబ్బై ఆరేళ్ళు. పేరు మునిస్వామి, ఊరు ప్రొద్దుటూరు పక్కన.

"నన్ను సాకింది ఆయనే పాపా, నాయన మాదిరి" అని కూడా అన్నాను. అంత అవసరం లేదు. నోరు ఊరుకోలేదు.

"మరి ఫోన్‌ను అడిగితే చెప్తది కదమ్మా?"

"ఆయన చేతికి ఎప్పుడూ పిండే ఉంటుంది. ఫోను యాడ పట్టుకుంటాడు?"

"పిండా?"

"బజ్జీల బండి."

"డెబ్బై ఆరేండ్లకు, కండ్లు కనవడకుండ బజ్జీలు ఏస్తడా?"

"అలవాటు" అన్నాను. అఖిల ఫోను తీసింది. తర్వాత, ఏడు వందల లోపల మంచిది వెతుకుతానంది. నమ్మింది. ఎవరికీ అనుమానం లేదు.

అక్టోబర్ 28, మంగళవారం

మొదటి గడియారం ఆన్‌లైన్‌లో వచ్చింది. మూడు వందల నలభై తొమ్మిది. నిమ్మకాయంత ఉంది. నొక్కితే, నోట్లో వేడి బజ్జీ పెట్టుకున్న మనిషిలా ఇంగ్లీషు మాట్లాడుతోంది. అది చెప్పింది ఏడున్నరో పదకొండున్నరో మౌనికకు కూడా తెలియలేదు. పైగా గంట గంటకూ కోడి కూత. ఆపడానికి కింద ఒక చిన్న మీట ఉందట. అది విరిగే వచ్చింది.

"రిజెక్ట్" అంది అఖిల. వెనక్కి తీసుకుపోయేవాడు ఎల్లుండి వస్తాడట. అప్పటిదాకా బియ్యం డబ్బాలో దాచాను. ఎల్లమ్మకు చెప్పడం మరిచాను.

అక్టోబర్ 29, బుధవారం

"సుబ్బక్కా, బియ్యం డబ్బల కోడి కూస్తున్నది. నేను ఇగ దాంట్ల చెయ్యి పెట్ట" అంది ఎల్లమ్మ.

తొమ్మిదికి కూసింది. పదికి కూసింది. పదకొండింటికి ఎల్లమ్మ డబ్బాకు బొట్టు పెట్టింది.

అక్టోబర్ 31, శుక్రవారం

రెండోది చేతి గడియారం. నాలుగు వందల డెబ్బై. గొంతు మెత్తగా ఉంది, నాకు బాగా నచ్చింది. చెయ్యి చెవి దగ్గరికి తెచ్చుకుని నొక్కితే, జడ సర్దుకుంటున్నానని అనుకుంటారు, టైము అడుగుతున్నానని ఎవరికీ తెలియదు. కానీ చుట్టూ నాలుగు బటన్లు, నువ్వుగింజంతవి. ఒకటి టైము చెబుతుంది, ఒకటి టైము మారుస్తుంది. పిండి చేత్తో నేను ఏది నొక్కానో ఆ దేవుడికే తెలియాలి. తెల్లవారి ఆరింటికి అది మధ్యాహ్నం రెండు అంది. కాసేపు దాని మాటే నిజమేమో అనుకున్నాను.

టిఫిను ఏడూ ముప్పైకి పెట్టాను. సంగతి మేడమ్ దాకా పోలేదు. పోనివ్వకుండా ఆపింది మౌనిక.

అఖిలతో, "చిన్నాయనకు చిన్న బటన్లు కుదరవు పాపా" అన్నాను.

"ఆయనకు పంపకముందే నీకెట్ల తెల్సింది?"

"మా వంశంలో అందరివీ లావు వేళ్ళు" అన్నాను.

నవంబర్ 2, ఆదివారం

చాలా రాయాలి ఇవాళ.

అఖిల నిన్న కోఠి వెళ్ళి ఒక కొట్టులో రెండు గడియారాలు తెచ్చింది, నచ్చనిది తిరిగి ఇచ్చే ఒప్పందం మీద. ఒకటి బల్ల మీద పెట్టుకునే పెట్టె లాంటిది. రెండోది అరచేయంత గుండ్రటిది, పైభాగమంతా ఒకటే బటన్. అయిదు వందల యాభై. అరచేత్తో ఒక్క చరుపు చరిస్తే చాలు, టైము హిందీలో చెబుతుంది. తెలుగులో చెప్పేది ఆ కొట్టులో లేదట. హిందీ అయితే ఏం, పదకొండేళ్ళుగా కూరగాయల బండి వాడితో నేను మాట్లాడేది అదే కదా.

తెచ్చి ఊరుకుందా? ఊరుకుంటే టెస్టరెందుకవుతుంది. భోజనాల బల్ల దగ్గర పరీక్ష పెట్టింది. చున్నీతో కళ్ళు కట్టుకోవాలి, చేతులు తడిపి పిండిలో ముంచుకోవాలి, పక్కన మిక్సీ తిరుగుతూ ఉండాలి. బల్ల మీద ఎక్కడో పెట్టిన గడియారాన్ని వెతికి, టైము అడిగి, పొద్దున ఆరింటికి అలారం పెట్టాలి. ఆదివారం కాబట్టి పది మంది చేరారు. మౌనిక గడియారం అనుకుని పచ్చడి గిన్నెలో చెయ్యి పెట్టింది. ఇంకో పిల్ల పెట్టె గడియారాన్ని హిందీ నుంచి ఇంకేదో భాషలోకి మార్చేసింది, మళ్ళీ ఎవరికీ వెనక్కి తేవడం రాలేదు.

"అమ్మా, నువ్వు గూడ చెయ్యి. తాత వయసుకు దగ్గరి చెయ్యి నీదే" అంది అఖిల.

కట్టించుకున్నాను. బల్ల అంచు పట్టుకుని అరచేత్తో తుడుచుకుంటూ పోతే గుండ్రటిది తగిలింది. చరిచాను. "సుబహ్ కే దస్ బజ్‌కర్ బీస్ మినట్" అంది, మా అత్త గొంతుతో, పొద్దున పదీ ఇరవై అని. వెనక రెండు గుబ్బలున్నాయి, ఒకటి నున్నది, ఒకటి గరుకుది. గరుకుది తిప్పితే అలారం. మిక్సీ మోతలో కూడా మాట స్పష్టంగా ఉంది. పిల్లలంతా చప్పట్లు కొట్టారు.

అప్పుడు పాల వాసన వచ్చింది. పొంగే ముందు ఒక రకం వాసన వస్తుంది, అందరికీ తెలిసిందే. లేచి వెళ్ళి పొయ్యి ఆపి, గిన్నె దించి, మూత పెట్టి, మసిగుడ్డ మేకుకు తగిలించి వచ్చి కూర్చున్నాను.

చప్పట్లు ఆగిపోయాయి. ఎందుకా అనుకున్నాను. అఖిల దగ్గరికొచ్చి నా కళ్ళకున్న చున్నీ ముడి మెల్లగా విప్పింది.

చున్నీ సంగతి మరిచేపోయాను. కట్టుకున్నదానికీ కట్టుకోనిదానికీ పెద్ద తేడా తెలియలేదు మరి.

అయినా ఎవరూ గమనించినట్టు లేదు. పాలు పొంగకపోవడం ఎవరు గమనిస్తారు?

గుండ్రటిదే ఖాయం చేశాం. చిన్నాయనకు పంపే ముందు వారం రోజులు మన వంటగదిలోనే నడిపి చూడాలంది అఖిల. సరేనన్నాను. గొంతులో సంతోషం కనపడకుండా జాగ్రత్తపడ్డాను.

నవంబర్ 3, సోమవారం

ఏడూ పదికి టిఫిను. ఎవరికీ అనుమానం రాలేదు.

నవంబర్ 5, బుధవారం

ఏడూ ఎనిమిదికి. నిన్న ఏడూ పదకొండుకు. చరిచి చరిచి చూసుకుంటున్నాను. టైము తెలియడమంటే ఇంత హాయా? మిరియాలు పొడి చేస్తూ ఒకసారి, ఊరికే ఒకసారి. ఎల్లమ్మకు కూడా అలవాటైంది, గిన్నెకొకసారి చరుస్తోంది. పిల్లలు పైనుంచి అరుస్తారు, "అమ్మా, ఒకసారి కొట్టు" అని. స్నానం చేసే పిల్లకు కూడా వినిపిస్తుంది. ఈ వారంలో ఒక్కరికీ బస్సు తప్పిపోలేదు.

ఒక వింత. ఈ మధ్య అఖిల వంటగదిలోకి వచ్చేటప్పుడు, "అమ్మా, అఖిలను వచ్చిన" అంటోంది. వెళ్ళేటప్పుడు, "పోతున్ననమ్మా" అంటోంది. ఆఫీసులో ఏదో కొత్త పద్ధతి కాబోలు. ఉప్పు డబ్బా మూతకు రబ్బరు బ్యాండు కూడా వేసింది. చక్కెర డబ్బాకు వేయలేదు. ఎందుకని అడిగితే, చీమలు రాకుండా అంది. ఉప్పుకు చీమలేమిటో. చదువుకున్న పిల్లలకు ఇంటి పనులు తెలియవు.

నవంబర్ 9, ఆదివారం

చంపేశాను.

వేరే దారి లేకపోయింది. పొద్దున్నే అఖిల వచ్చి, వారం అయిపోయింది, గడియారం పాసైంది, రేపు కొరియర్ చేస్తా, చిన్నాయన అడ్రసు చెప్పు అంది. ఊర్లో కొరియర్ రాదన్నాను. ప్రొద్దుటూరులో ఎవరి ఇంట్లోనైనా ఇద్దామంది.

"పోనీ వీడియో కాల్ చెయ్యి. ఎట్ల కొట్టాల్నో తాతకు నేనే చెప్త."

"కనపడనోడికి వీడియో కాల్ ఏంటికే?"

"మాకు కనవడ్తడు కదా."

ఈ పిల్లకు పట్టు దొరికితే వదలదు. గడియారం ప్రొద్దుటూరు పోతే ఎల్లుండి నుంచి మళ్ళీ ఉప్మా నా అంచనా మీదే. మేడమ్ చెప్పిన గడువు ఇంకా పదకొండు రోజులుంది. అఖిల అటు పక్క గోడకు ఆనుకుని నిలబడి చూస్తోంది, నవ్వుతోందో లేదో నాకు తెలియదు, చెవులు మాత్రమే కనిపిస్తున్నాయి.

"ఇంక ఎవురికి పంపుతావు పాపా. చిన్నాయన రాత్రే పోయినాడు" అన్నాను.

కొంగు కళ్ళకు అడ్డం పెట్టుకున్నాను. మరీ నిశ్శబ్దంగా ఉండేసరికి, "నిద్రలోనే" అని కలిపాను.

"బజ్జీల బండి?" అంది అఖిల.

"దాని గురించి ఇప్పుడు అడగొద్దు పాపా."

గడియారం ఇక్కడే ఉండిపోయింది. మంచి మనిషి మునిస్వామి. ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా పుట్టాడు, ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా పోయాడు.

నవంబర్ 10, సోమవారం

ఇబ్బంది పెట్టాడు.

కార్తీక సోమవారం అని మేడమ్ దీపం పెట్టడానికి వచ్చింది. వంటగదిలో చిన్న దేవుడి అర ఉంది, ఆమె వత్తి అక్కడే వెలిగిస్తుంది. మౌనిక నా మీద ప్రేమతో మొత్తం చెప్పేసింది. పెద్దమ్మ వాళ్ళ చిన్నాయన పోయినాడు మేడమ్, అయినా ఏడుంపావుకే టిఫిను పెట్టింది, ఎంత గొప్ప మనసో అని. మేడమ్ చేతిలో అగ్గిపెట్టె కింద పడింది.

"మైలలో వండారా సుబ్బమ్మగారూ? దేవుడి అర పక్కనే?"

పెళ్ళయిన ఆడపిల్లకు చిన్నాయన మైల స్నానంతో పోతుంది మేడమ్, తల మీద నీళ్ళు పోసుకునే వచ్చినా అన్నాను. అది నిజమే, మా వైపు అంతే. ఇక్కడితో బయటపడేదాన్ని.

కానీ మౌనిక ఉంది కదా. "అట్ల కాదు పెద్దమ్మా, నిన్ను సాకింది ఆయనేనని అఖిలతో అంటివంట కదా, నాయన మాదిరి అని."

"పెంచిన తండ్రంటే తండ్రే కదండీ. మూడు రోజులు పొయ్యి ముట్టుకోకండి. నేను కేటరింగు వాళ్ళకి చెబుతాను, మీరు విశ్రాంతి తీసుకోండి" అంది మేడమ్. ఎంతో దయగా అంది. తిట్టినా బాగుండేది.

ఆ ఒక్క మాట ఎందుకన్నానా అని మధ్యాహ్నం నుంచి నా నోటిని నేనే తిట్టుకుంటున్నాను. వంట కాపాడుకోవడానికి మనిషిని చంపాను. ఆ చావు వచ్చి నన్నే వంటగదిలోంచి గెంటింది.

నవంబర్ 11, మంగళవారం

గదిలో కూర్చున్నాను. గోడకు అవతల నా వంటగది. ఎవరో నా గరిటెను స్టీలు గిన్నెలో టంగుమని వేశారు. నేనెప్పుడూ అలా వేయను.

కేటరింగు టిఫిను రుచిగానే ఉందట. ఎల్లమ్మ చెప్పింది. ఎల్లమ్మకు అబద్ధం చెప్పడం రాదు, నేర్పాలి.

మునిస్వామిని మళ్ళీ బతికిద్దామా అని ఆలోచించాను. పాడె మీద లేచి కూర్చున్నాడని, డాక్టరు పొరపాటు పడ్డాడని. లేదా పోయింది ఈయన కాదు, ఇంకో మునిస్వామి అని. మూడు రకాలుగా చెప్పి చూసుకున్నాను గోడకు. ఏదీ నాకే నమ్మకం కలిగించలేదు.

మౌనిక పళ్ళు తెచ్చి ఇచ్చింది. నా పక్కన కూర్చుని, తన తాత పోయినప్పటి సంగతి చెప్పి నిజంగా ఏడ్చింది. లేని మనిషి కోసం ఈ పిల్ల కన్నీళ్ళు పెట్టుకుంటుంటే తల ఎత్తలేకపోయాను. మొదటిసారి సిగ్గు వేసింది. ఇప్పటిదాకా తెలివి అనుకున్నాను దీన్ని.

నవంబర్ 12, బుధవారం

చెప్పేశాను.

పొద్దున కేటరింగు ఆటో ఆలస్యంగా వచ్చింది, ఏడూ ఇరవై అయిదు. నాకెలా తెలుసంటే, ఎల్లమ్మ అవతల గడియారాన్ని చరుస్తూనే ఉంది, నాకు వినపడాలనే అనుకుంటా. పిల్లలు గబగబా తింటున్నారు. కేటరింగతను మేడమ్‌తో, "నెల కాంట్రాక్టు రాసుకుందాం మేడమ్, ఒకటో తారీకు నుంచి" అన్నాడు. మేడమ్, "చూద్దామండి, ఆవిడకూ వయసైంది. కాగితం తీసుకురండి" అంది.

లేచి హాల్లోకి వెళ్ళాను. మొహాలు లేని నలభై రెండు జతల చెవులు నా వైపు తిరిగాయి.

"మేడమ్, నాకు మైల లేదు. మా చిన్నాయన చావలేదు."

"బతికే ఉన్నారా?" మేడమ్‌కు నిజంగానే సంతోషం వేసింది పాపం.

"బతకనూ లేదు మేడమ్. పుట్టనే లేదు. గడియారం నాకే. నా కండ్లకు ముండ్లు కనపడక నాలుగు నెలలాయె. చెప్తే వంట తీసేస్తారని చెప్పలేదు. ఆ మునిస్వామి నేనే."

ఒక్క చెంచా కూడా మోగలేదు. ఆ నిశ్శబ్దంలో లోపల ఎల్లమ్మ గడియారాన్ని చరిచింది. "సుబహ్ కే సాత్ బజ్‌కర్ ఛత్తీస్ మినట్." ఏడూ ముప్పై ఆరు. అంతే, నలభై మంది కుర్చీలు తోసుకుని బస్సుకు పరుగెత్తారు. ఇన్నేళ్ళలో నేను నోరు తెరిచి చెప్పిన ఒకే ఒక్క నిజం, వినడానికి నలుగురు మిగిలారు.

మిగిలిన వాళ్ళలో అఖిల ఒకతి. బస్సు వదిలేసింది.

"నాకు ఎర్కేనమ్మా. పాలు దించిన నాడే" అంది.

"మరి చిన్నాయన అడ్రసు ఏంటికి అడిగితివే?"

"నువ్వు చెప్తవని. నువ్వేమో తాతను సంపినవ్."

మౌనిక బస్సుకు పోలేదు, మాట్లాడనూ లేదు. పళ్ళ సంచి తీసుకుని పైకి వెళ్ళిపోయింది. అది బాగా తగిలింది నాకు.

మేడమ్ అంది, "మంట దగ్గర పనండి సుబ్బమ్మగారూ. రేపు ఏదైనా అయితే ఇంతమంది ఆడపిల్లలు. సోమవారం నేనే వచ్చి దగ్గరుండి చూస్తాను. అప్పటిదాకా కేటరింగే." తప్పు మాట అనలేదు ఆమె. నేనైనా అలాగే అనేదాన్ని.

నవంబర్ 14, శుక్రవారం

మౌనిక గది ముందు కారం దోసె పెట్టి వచ్చాను, ఎల్లమ్మ ఇంటి నుంచి పిండి తెప్పించి. ఖాళీ పళ్ళెం కిందికి వచ్చింది. మాట ఇంకా రాలేదు.

నవంబర్ 17, సోమవారం

పాల ట్రే దబ్బుమన్న అరగంటకు మేడమ్ వచ్చింది. చెప్పులు గేటు దగ్గరే విప్పి, చప్పుడు చేయకుండా వచ్చి తలుపు పక్కన నిలబడింది. మోకాలు టక్కుమంది, మెట్టెలు టైలు మీద మోగాయి. నేను ఏమీ అనలేదు. ఆమె చాటుగా చూడాలనుకుంటే చూడనీ.

నానబెట్టడాలు, రుబ్బడాలు నిన్ననే అయ్యాయి. నీళ్ళు పెట్టాను, వాయి పెట్టాను, గడియారాన్ని చరిచాను. సోమవారం కాబట్టి ఉల్లిపాయ లేని చట్నీ. అప్పుడు మేడమ్ ఉప్పు డబ్బా తీసి పై అరలోకి మార్చింది. పరీక్షన్న మాట. మూత చప్పుడు విననట్టే తాలింపు వేసి, వెనక్కి తిరిగి పై అరలోంచి ఉప్పు తీసి, రబ్బరు బ్యాండు తడిమి చూసుకుని, వేసి, డబ్బాను పాత చోటే పెట్టాను. మెట్టెలు ఒక అడుగు వెనక్కి వేశాయి.

కాసేపటికి ఆమె ఫోను గణగణమంది. "ఎల్లమ్మా, ఎవరో చూసి చెప్పు" అంది. చాటుగా నిలబడ్డానన్న సంగతి మరిచిపోయింది.

"మేడమ్, కాఫీ తాగుతారా" అన్నాను.

ఏడూ ఎనిమిదికి టిఫిను టేబుల్ మీద ఉంది. ఏడూ ఇరవైకి వెనక నుంచి ఒక గొంతు, "పెద్దమ్మా, నేను మౌనికను. ఇంకో రెండు ఇడ్లీ" అంది. చట్నీ ఒలికించాను. కళ్ళ వల్ల కాదు.

మేడమ్ షరతులు మూడు. నూనె మూకుడు పెట్టినప్పుడు ఎల్లమ్మ పక్కనుండాలి. సిలిండరు మార్చేది వాచ్‌మన్. మూడోది, ఇక మీదట బంధువులను పుట్టించకూడదు. ఒప్పుకున్నాను. మూడోదే కష్టం.

నవంబర్ 20, గురువారం

కార్తీకం అయిపోయింది. గడువూ అయిపోయింది. గది నాదే, వంట నాదే. గడియారం మీద అఖిల తెల్ల కాగితం అంటించి ఏదో రాసింది. ఏం రాశావంటే, "మునిస్వామి" అంది.

మధ్యాహ్నం రెండు తర్వాత, ఎవరూ లేని వేళ, మేడమ్ వచ్చింది. ఊరికే వచ్చానంది. కుర్చీ లాక్కుని కూర్చుంది. గడియారాన్ని ఒకసారి చరిచింది, రెండోసారి చరిచింది. వెనక గుబ్బలు వేళ్ళతో తడిమింది.

"ఇలాంటిది ఇంకొకటి తెప్పించగలరా సుబ్బమ్మగారూ? నాక్కాదండి. మా మేనత్తకు."

నేను శనగపప్పు ఏరుతున్నాను. చెయ్యి ఆగింది. కాగితం రెండుసార్లు చేతులు మారడం గుర్తొచ్చింది. కార్లో ఉన్న కళ్ళద్దాలు గుర్తొచ్చాయి. "ఎవరో చూసి చెప్పు" గుర్తొచ్చింది. ఇన్ని రోజులుగా నా సంగతి ఎవరూ గమనించలేదని మురుస్తూ, ఆమె సంగతి నేను గమనించలేదు.

"మేనత్త పేరేంది మేడమ్?"

ఆమె చాలాసేపు ఆలోచించింది. సొంత మేనత్త పేరుకు అంత ఆలోచన అక్కర్లేదు.

"కనకమ్మ" అంది చివరికి.

"తెప్పిస్తా మేడమ్. కానీ ఒక మాట. కనకమ్మగారిని మాత్రం చంపొద్దండి. మూడు రోజులు మైల."

ఆమె నవ్వలేదు. కుర్చీ నా దగ్గరికి జరుపుకుని, నా చెయ్యి పట్టుకుని, మెల్లగా డాక్టరు పేరు అడిగింది.